దీపం కింద ఈనని మడి

రిటైర్మెంటుకు నాలుగేళ్ళుండగా, ఒక జూన్ నెలలో చోడవరం సెక్షన్‌కు విద్యుత్ ఏఈగా చేరాను. అప్పటికి అది విశాఖ జిల్లాలోనే ఉంది. ఊరి చివర కొత్త కాలనీలో అద్దెకు దిగాను. వీధికి ఒక పక్క ఉద్యోగస్తుల మేడలు, రెండో పక్క వరి మడులు. వైజాగ్ బస్సు కోసం క్యారేజీలతో పరిగెత్తేవాళ్ళు, గోవాడ చక్కెర మిల్లుకు చెరుకు తోలే ట్రాక్టర్లు ఒకే రోడ్డు మీద ఒకరికొకరు దారి ఇచ్చుకునేవారు. పెసరట్టు వాసనా, పేడ వాసనా ఒకే కిటికీలోంచి వచ్చేవి. ఆ ఊరు నాకు వెంటనే నచ్చింది.

వీధి దీపానికి పంచాయతీ తీర్మానం చేస్తుంది. స్తంభం ఎక్కడ పాతాలో చూసేది ఏఈ. మా వీధికి వచ్చిన పెద్ద దీపం మలుపులో ఉండాలి. నేను మా గేటు ఎదుట, రైతు అప్పలనాయుడి గట్టు పక్కన పెట్టించాను. అడిగినవాళ్ళకు పాముల భయమని చెప్పాను. నిజానికి అది నా సౌకర్యం.

కార్తీకంలో చేలన్నీ ఈనాయి. నాయుడి మడి ఒక్కటే వెన్ను తీయలేదు. అందులో వేసింది బుచ్చయ్యపేటలో ఉన్న అతని బావ ఇచ్చిన విత్తనం.

"కల్తీ ఇత్తనం అంటగట్టేడు బాబూ, మా అప్ప మొగుడు! ఆడి కూతురి పెళ్ళికి ఎల్లను. మేనమామని నేనే, పెళ్ళికూతురి బుట్ట ఎవడెత్తుతాడో సూస్తాను" అన్నాడు నాయుడు.

మేడ ఎక్కి చూస్తే నాకు విషయం అర్థమైంది. ఈనని పైరు స్తంభం చుట్టూ గుండ్రంగా ఉంది. వెలుగు పడని అవతలి కొస ఈనింది. కొన్ని రకాల వరికి రాత్రంతా వెలుగు తగిలితే పొద్దు తగ్గిన సంగతి తెలియదని, అందుకే ఈనదని వ్యవసాయాధికారి కూడా చెప్పాడు. నాయుడికి చెబితే స్తంభం అక్కడెందుకు పెట్టావని అడుగుతారని ఊరుకున్నాను. పెళ్ళి వారంలోకి వచ్చాక, నాయుడి అక్క పెళ్ళికి రమ్మని అతని గుమ్మంలో ఏడుస్తుంటే చూడలేక వెళ్ళి చెప్పేశాను.

"ఇన్నాళ్ళూ మేడ మీంచి సూస్తా కూకున్నారేటి బాబూ?" అన్నాడు నాయుడు. మళ్ళీ తనే, "ఆడికి నేనేటి మొహం సూపించను? మీరే రండి, మీరే సెప్పండి" అన్నాడు.

నాయుడితో బుచ్చయ్యపేట వెళ్ళి, బంధువులందరి ముందూ చెప్పాను. బావ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "పందిట్లో లైట్లు మాత్రం మీరు ఎయ్యించకండి బాబూ, మా చేను కూడా ఆగిపోద్ది" అన్నాడు. తర్వాత బావమరిది వైపు తిరిగి, "ఒరే, బుట్ట బరువు. ముందు బువ్వ తిను" అన్నాడు.

స్తంభాన్ని మలుపుకు మార్పించాను. ఆ మడిలో అవతలి కొస తప్పితే ఆ ఏడు పశువుల మేతే మిగిలింది. నేను నోరు మూసుకున్నన్నాళ్ళూ నా తప్పును మరొకడు మోశాడు. మిగిలిన సర్వీసులో పక్క పొలం వాళ్ళను పిలిచి అడగకుండా ఏ స్తంభానికీ గొయ్యి తీయించలేదు.