నాయన మోకాలు, అమ్మ నేత

మా నాయన మోకాలు విరిగింది పెనుకొండ దగ్గర. హిందూపురంలో పట్టు కొని, మోపెడ్ వెనక కట్టుకుని ధర్మవరం వస్తుంటే, పక్క రోడ్డులోంచి దూసుకొచ్చిన కారు తగిలింది. కారాయన మంచివాడే. తనే నాయన్ను ఎత్తి కార్లో వేసుకుని పెనుకొండ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మేం పోయేసరికి నాయన మంచం మీద కాలు చాపుకుని, పట్టు మూట తల కింద పెట్టుకుని ఉన్నాడు. కాలెట్లా ఉందని మేం అడగకముందే, పట్టుకు మట్టి అంటలేదని చెప్పాడు. అమ్మ ఆ మూట లాగి పక్కన పెట్టి, అప్పుడు ఏడ్చింది.

మాది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దింపి కూర్చుని, అడ్డపోగు మోసే నాడెను చేత్తో ఆడిస్తూ, కాళ్లతో కింది చెక్కలు తొక్కుతుండాలి. మోకాలు వంగకపోతే నేత లేదు. రెండో ఆపరేషన్ చేస్తే కొంత వంగవచ్చని డాక్టర్లు అన్నారు. మా దగ్గరున్నదంతా మొదటి దానికే అయిపోయింది. కారుకు ఇన్సూరెన్స్ ఉందని, పరిహారానికి కేసు వేయమని కారాయనే దారి చూపించాడు. హిందూపురంలో ఒక వకీలును పట్టుకున్నాం.

ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి కాగితాల పనంతా నా నెత్తిన పడింది. పోలీసు కాగితాలు, గాయాల సర్టిఫికెట్, నాయన నేత కార్డు అన్నీ ఫైల్లో పెట్టి తీసుకెళ్లాను. వకీలు గుమాస్తా రాసుకుంటూ మీ అమ్మ ఏం చేస్తుందని అడిగాడు. ఇంట్లోనే ఉంటుందన్నాను. గృహిణి అని రాసుకున్నాడు. నేనా మాట అంటున్న సమయానికి మా అమ్మ గుంటలో కూర్చుని చీర నేస్తూ ఉంది. ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

అదేం కొత్త సంగతి కాదు. నాయన పట్టుకోసమో, మా చీరలు కొనే షాపుకో వెళ్లిన పూటల్లా మగ్గం మీద అమ్మే కూర్చునేది. కాలు విరిగాక పొద్దస్తమానం ఆమే. నాడెలో పెట్టే పట్టు కండెలు నేను చుట్టేదాన్ని. నాయన కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని, అంచు వదులైందని, బిగువైందని వంకలు పెట్టేవాడు. చీర మగ్గం దిగాక నేసినవాళ్ల పేరుతో చీటీ రాసి, పిన్నుతో గుచ్చి షాపుకు పంపాలి. గుంటలో ఎవరు కూర్చున్నా చీటీ మీద ఇంటి మగవాడి పేరే ఉంటుంది. మా వీధంతా అంతే.

కోర్టులో నాయన్ను అడిగే రోజు వచ్చింది. ప్రమాదం తర్వాత మీ మగ్గం ఆగిపోయిందా అని ఇన్సూరెన్స్ వకీలు మెత్తగా అడిగాడు. మా ఇళ్లలో మగ్గం ఆగిందనే మాట నోట రానివ్వరు. అది అశుభం. నాయన ఛాతీ విరుచుకుని చెప్పాడు.

"ఆగేదేంది సార్. ఒక్క నెల గూడా ఆగలేదు. చీరలు ఎప్పట్లాగే పోతాండాయి."

ఇన్సూరెన్స్ వకీలు, షాపు నుంచి తెప్పించిన చీటీలు తీసి జడ్జి ముందు పెట్టాడు. ప్రమాదం తర్వాత నేసిన చీరలవి. అన్నిటి మీదా నాయన పేరే, నా చేతిరాతే. నాయన మాత్రం గెలిచినవాడిలా బోను దిగి వచ్చాడు. మా వకీలు మమ్మల్ని టీ అంగడికి తీసుకెళ్లాడు. అక్కడ, నేయలేనని కేసు వేసినవాడు ఎప్పట్లాగే నేస్తున్నానంటే పైసా రాదని చెప్పాడు. మిగిలింది ఒకటే దారి. అమ్మ వచ్చి, ఆ చీరలు నేసింది తనేనని చెప్పాలి.

 బస్సు పెనుకొండ దాటాక నాయన, వీధిలో తలెత్తుకుని తిరగాల్నా వద్దా అని కిటికీని అడిగాడు. పెళ్లాం నేత తింటున్నాడంటారని ఆయన భయం. అమ్మ తొణకలేదు.

"నువ్వు వద్దంటే నేను పోను. మోకాలు నీది."

ఆ తర్వాత ఇరవై రోజులు నాయన అవుననలేదు, కాదనలేదు. అన్నంలో ఉప్పు లేదని, కండె వదులుగా చుట్టానని మా మీద ఎగిరాడు. ఒక పొద్దున మేం వంటింట్లో ఉండగా తనే గుంటలోకి దిగబోయాడు. మోకాలు వంగలేదు. లోపలికి పోలేక, పైకి లేవలేక గట్టు మీద ఇరుక్కుపోయాడు. నేనూ అమ్మా చెరో రెక్కా పట్టుకుని లేపాం. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కాసేపటికి, వాయిదా ఎప్పుడని నాయనే అడిగాడు.

బోనెక్కేటప్పుడు అమ్మ గుడికి వచ్చినట్టు చెప్పులు కిందే విడిచింది. మీరే నేశారని ఏం నమ్మకం, నేస్తుండగా పోగు తెగితే ఏం చేస్తారని ఇన్సూరెన్స్ వకీలు అడిగాడు. అంతే, అమ్మకు బెరుకు పోయింది. ఏ పోగు, నిలువుదా అడ్డందా, అంచులోనా చీర ఒంట్లోనా అని ఆయన్నే ఎదురడిగి, ఒక్కోదానికి ఒక్కో ముడి గాల్లో వేళ్లతో వేసి చూపించింది. టైపు చేసే ఆమె టైపు ఆపి ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయింది. జడ్జి ఇక చాలమ్మా అన్నారు. వకీలు వదల్లేదు. మరి ఇన్ని చీటీల్లో ఒక్కదాని మీదైనా మీ పేరెందుకు లేదన్నాడు.

అమ్మ నా వైపు చూసింది. ఆ చీటీలు రాసిన నేను తల వంచుకున్నాను. వెనక బెంచీ మీద నుంచి నాయన కట్టె పట్టుకుని లేచాడు.

"అది నా తప్పు సార్. నా కాలు బాగున్నప్పుడు గూడా సగం నేత ఆమెదే. అంచు పని నాకన్నా ఆమెకే బాగొస్తాది."

మా వకీలు నుదురు పట్టుకున్నాడు. ప్రమాదానికి ముందు సంపాదనలోనూ సగం తనది కాదని నాయనే ఒప్పేసుకున్నాడు మరి. జడ్జి నాయన్ను కూర్చోమన్నారు గానీ, ఆ మాట రాసుకున్నారు.

పరిహారం వచ్చింది. నాయన ధారపోసిన సగం తగ్గించుకునే వచ్చింది. ఇన్సూరెన్స్ కారుకు కాదప్పా, నీ నోటికి చేయించాల్సిందని మా వకీలు నవ్వాడు. రెండో ఆపరేషన్ అయింది. నాయన ఇప్పుడు కుర్చీలో కూర్చోగలడు, గుంటలో కూర్చోలేడు. అందుకని కండెలు ఆయనే చుడతాడు. వంకలు పెట్టే పని అమ్మకు దక్కింది. ఆ పని ఆమె చాలా శ్రద్ధగా చేస్తుంది.

ఆపరేషనై నాయన ఇంటికొచ్చాక మొదటి చీర దిగిన రోజు, చీటీ రాయడానికి కూర్చున్నాను. అలవాటు కొద్దీ నాయన పేరు సగం రాసేశాను. ఆయన చెయ్యి చాపి ఆ చీటీ లాక్కున్నాడు.

"కోర్టులో ఒక మాట, ఇంట్లో ఒక మాటనామ్మా?"

ఇంకో చీటీ తీసుకుని అమ్మ పేరు రాసి చీరకు గుచ్చాను. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది. పిన్ను వంకరగా గుచ్చానని నన్ను తిట్టి, తీసి, తనే మళ్లీ గుచ్చుకుంది.