ఉయ్యాల పక్కన ఊడిపడిన పెచ్చు

చెల్లీ, మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వదినా, షుగర్ అదుపులో ఉందా? పిల్లలకు జ్వరాలు లేవు కదా? నాకైతే పొద్దున్నుంచి గుండెదడే. మా పక్క గదిలో అద్దెకుంటున్న బీహార్ కూలీల పసిబిడ్డ ఉయ్యాల పక్కనే పైకప్పు పెచ్చు ఊడిపడింది. బాగుచేయించమంటే ఓనరు వాళ్ళనే ఖాళీ చేయమన్నాడు.

"ఊరుగాని ఊరోళ్ళ సంగతి నీకెందుకవ్వా?" అన్నాడు నాతో.

"పెచ్చు మీది ఏ ఊరని అడిగి పడతాదా నాయనా? బాడుగ తీసుకునేటప్పుడు యాడోళ్ళో గుర్తు రాలేదే! సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. ఈ పెచ్చులు సంచిలో ఏసుకొని, బిడ్డనెత్తుకొని పోతాం" అన్నాను.

ఆయన ముందే పెచ్చులు సంచిలోకి ఎత్తాను.

ఆదివారం మేస్త్రీని పంపుతానని గొణిగాడు. నాకు నమ్మకం లేదు. మేస్త్రీ రాకపోతే సోమవారం పొద్దున్నే కలెక్టరాఫీసుకు బయల్దేరతాం. తోడు ఎవరెవరొస్తారో చెప్పండి.