పెంకులన్నందుకు మ్యూట్

లాక్‌డౌన్ మొదలయ్యాక జర్మనీలోని మా తెలుగు సంఘం పిల్లలకు ఆన్‌లైన్‌లో సైన్సు క్లాసు పెట్టింది. కైసర్స్‌లౌటర్న్‌లో బోటనీ చదివే స్రవంతి చెబుతుంది. ఈ రోజు ఆమె పైన్ కాయ చూపించి, ‘ఇంబ్రికేట్’ అంటే ఇంటి పెంకుల్లా ఒకదాని అంచును మరొకటి కప్పడమని చెప్పింది. మొగ్గలోని రేకులకూ, పాము పొలుసులకూ శాస్త్రంలో ఇదే మాట వాడతారంది.

సంఘం కార్యదర్శి అడ్డొచ్చారు. “పెంకులేంటమ్మా, పల్లెటూరి బడిలా! సైంటిఫిక్‌గా చెప్పు.”

“ఆ మాట పుట్టిందే పెంకుకున్న లాటిన్ పేరు నుంచి అంకుల్. ఇక్కడి జర్మన్ పుస్తకాల్లో కూడా...”

ఆయన ఆమెను మ్యూట్ చేశారు. మా అమ్మాయి కిటికీలోంచి ఎదురింటి కప్పు చూపించి, “నాన్నా, గెనావ్ జో!” అంది. అచ్చం అలాగే అని.

వచ్చే వారం నుంచి క్లాసు తానే చెబుతానని కార్యదర్శి ఇందాక గ్రూపులో ప్రకటించారు. అందులో స్రవంతి పేరు కూడా లేదు. మా అమ్మాయిని నేను పంపను. మీరు పంపుతారా?