కుందేలు రెప్ప ఎందుకు వేసింది

నేను గుంటూరులోని ఒక వైద్య కళాశాలలో ఫిజియాలజీ అసిస్టెంట్ ప్రొఫెసరుగా ఉండగా, ఒక మార్చి నెలలో జంతు ప్రయోగశాల బాధ్యత నాకు అప్పగించారు. అప్పటికి పీజీ విద్యార్థిని డాక్టర్ నాగమణి థీసిస్ పని సగంలో ఉంది. ఆమెది సముద్రపు ఒడ్డున వాడరేవు. నేనే గైడును.

ప్రయోగం ఇది. కుందేలుకు ఒక శబ్దం వినిపించి, వెంటనే కంటిమీదికి సన్నగా గాలి ఊదుతాం. కొన్నాళ్లకు గాలి రాకముందే, శబ్దానికే అది రెప్ప వేస్తుంది. ఇలా నేర్చుకున్న రెప్పపాటు చిన్నమెదడు లోపల కేంద్రకం అనే చిన్న నాడీకణాల గుంపు మీద ఆధారపడుతుంది. అక్కడికి సన్నని గొట్టం దించి, మందుతో ఆ కేంద్రకాన్ని కాసేపు పనిచేయకుండా ఆపితే శబ్దానికి రెప్ప పడదు. గాలి తగిలితే మాత్రం పడుతుంది. పుట్టుకతో వచ్చిన ఆ రెప్పపాటు దారి వేరు.

చలికాలంలో శిక్షణ ముగిసింది. మార్చిలో మందు ఇచ్చి చూస్తే, మొదటి కుందేలు శబ్దానికి ఇంకా రెప్ప వేస్తూనే ఉంది. గొట్టం గురి తప్పిందని విభాగాధిపతి ఎదుటే అనేశాను.

"తప్పలేదు సార్. అది ఊరికే కూడా రెప్పలేస్తోంది. శబ్దం లేకుండా కాసేపు చూద్దాం. వెనక గోదాములో కొత్త మిరపకాయలు దించినట్టున్నారు, ఘాటు ఎంతొస్తోందో! నాకు తుమ్ములాగట్లేదు," అంది నాగమణి.

"ఘాటా? ఎక్కడమ్మా?" అన్నాను. ప్రత్తిపాడు మిరప కళ్లాల్లో పెరిగినవాణ్ని నేను.

"మా ఇంట్లో ఎండుచేపల వాసన మాకూ తెలీదు సార్."

విభాగాధిపతి పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

గొట్టం ఎక్కడుందో నిర్ధారించాలంటే జంతువును చంపి మెదడును కోసి చూడాలి. "ఒక్క పూట ఆగండి సార్. కిటికీలు మూసి చూస్తాను," అని ఆమె అడిగింది. నేను ఆగలేదు. మధ్యాహ్నమే నిబంధనల ప్రకారం మత్తిచ్చి చంపించాను. కోసి చూస్తే గొట్టం కొస సరిగ్గా కేంద్రకంలోనే ఉంది.

మర్నాడు నాగమణి కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కి, మిగిలిన కుందేళ్లతో మళ్లీ మొదలుపెట్టింది. మందు ఇస్తే శబ్దానికి రెప్ప పడలేదు. కిటికీ తెరిస్తే శబ్దం లేకపోయినా పడింది. కుందేలు ఊరికే రెప్ప వేయడం అరుదని, శబ్దం లేని వేళ లెక్కించే పని మొదట్లోనే నేను మాన్పించాను. ఘాటుకు పడిన రెప్పల్లో శబ్దంతో కలిసి వచ్చినవాటిని నేర్చుకున్నవిగా జమ కట్టాం.

తర్వాతి సమావేశంలో విభాగాధిపతి, కిటికీలు మూయించినందుకు నన్ను మెచ్చుకున్నారు. నాగమణి నా వైపు ఒకసారి చూసింది. నేను నోరు విప్పలేదు. ఆమె తన ఫలితాలు చదివి కూర్చుంది. చనిపోయిన కుందేలుకు బదులు మరోదానికి మొదటినుంచి నేర్పవలసి వచ్చి, ఆమె పరీక్ష ఒక విడత వెనక్కి పోయింది.

ఈమధ్యే స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాను. చెప్పవలసింది ఇంతే. కారణం కనిపెట్టింది నాగమణి. శబ్దం లేనప్పుడు పడే రెప్పలను ముందుగా లెక్కించాలి. ఆ ప్రయోగశాలలో ఘాటు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె మాట వినివుంటే ఆ కుందేలును చంపనక్కర్లేకపోయేది.