పైకప్పు మీదే మనసు

బేకర్స్‌ఫీల్డ్ మైదానంలో ఆదివారం పాత కార్లు ప్రదర్శనకి బారులు తీరాయంటే, వెండెల్ టిబ్స్ ముందుగా తన బెల్టు బకిల్‌ను పక్కకి తిప్పుకుంటాడు, పరాయివాళ్ళ రంగు మీద గీత పడకూడదని. ఆపైన చేతులు వెనక్కి కట్టుకుని, గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి చూస్తాడు. మడ్‌గార్డు వంపు నచ్చితే ఈల వేస్తాడు. మరీ నచ్చితే టోపీ తీసేస్తాడు. ఈ వారం 1936 నాటి ఫోర్డు ముందు రెండూ చేశాడు. సోకు కోసం దాని పైకప్పు కోసి మూడంగుళాలు కిందికి దించారు, తలుపుల పిడులు పీకి నున్నగా పూడ్చారు, వంకాయ రంగు ఇంకా తడారనట్టే మెరుస్తోంది. "అమ్మ దొంగా, ఏం వయ్యారమే నీది!" అన్నాడు కారుతోనే.

కారు యజమాని రొసెండో పగలబడి నవ్వాడు. "ఎన్నేళ్ళని చూసి మురుస్తారు పెద్దాయనా? ఎక్కండి, ఒక రౌండు కొడదాం!" ఇన్నేళ్ళలో అలా పిలిచినవాడు లేడు. వెండెల్‌కి కళ్ళు చెమర్చాయి. గబగబా తలుపు తీయించి, వెంట వచ్చిన భార్య ఒలీటాను లోపల కూర్చోబెట్టి, తలుపు వేసేశాడు. కారు కదలగానే దాని పక్కనే పరుగందుకున్నాడు. చీలికంత కిటికీలోంచి ఒలీటా ముక్కు ఒక్కటే బయటికొచ్చింది. "మతిగానీ పోయిందా నీకు? ఎక్కవయ్యా!" "లోపల కూర్చుంటే పైకప్పెలా కనబడుతుందే?" అని ఆయాసపడుతూనే అరిచాడు వెండెల్. "రొసెండో, ఆ మలుపులో కాస్త నెమ్మదిగా తిప్పు నాయనా, వెనక వంపు చూసుకోవాలి!"