కండువా కింద చెయ్యి

గుంటూరులోని ఒక బోధనాసుపత్రి న్యూరాలజీ విభాగానికి నన్ను 2003 ఫిబ్రవరిలో ఒంగోలు నుంచి బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ ప్రొఫెసర్. ప్రొఫెసర్‌గారు క్లిష్టమైన కేసులకే వచ్చేవారు కాబట్టి ఓపీలో జనాన్ని చూడవలసింది నేనే. అది మిర్చి సీజన్. వచ్చేవాళ్ల బట్టల ఘాటుకు గదిలో అందరం దగ్గుతూనే ఉండేవాళ్లం. స్థిమితంగా నాలుగు మాటలు వినే ఓపిక అక్కడ ఎవరికీ ఉండేది కాదు, నాకైతే అసలే లేదు.

ఏప్రిల్‌లో ఒక ఉదయం సుబ్బారావు అనే ఆయన తన అన్న రాఘవయ్యగారిని తీసుకొచ్చాడు. ప్రత్తిపాడు వాళ్లు, గుంటూరు మిర్చి యార్డులో మరికొందరితో కలిసి కమీషన్ కొట్టు నడుపుతున్నారు. రైతు తెచ్చిన టిక్కీలను, అంటే మిరపకాయల బస్తాలను, అమ్మిపెట్టడం వాళ్ల పని. రాఘవయ్యగారికి అరవై దాటాయి. అడుగులు చిన్నవిగా, నేలకు రాసుకుంటూ పడుతున్నాయి. ఈమధ్య టిక్కీల మధ్య తూలి పడ్డారట.

నేను ఆయన మోకాళ్లు తట్టి చూస్తుంటే సుబ్బారావుకు కాలు నిలవలేదు. కిటికీ దాకా వెళ్లాడు, వచ్చాడు, చివరికి అసలు సంగతి చెప్పాడు. యార్డులో బేరం నోటితో సాగదు. కొనేవాడూ కమీషన్ వ్యాపారీ చేతులు కలిపి పైన కండువా కప్పుకుంటారు, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కనున్న రైతుకు కూడా ఏమీ కనబడదు. కొంతకాలంగా రాఘవయ్యగారి చేతి మీదుగా మంచి సరుకు కూడా తక్కువ ధరకే పోతోంది. కొనేవాళ్లతో లోపాయికారీగా కలిశాడని రైతులు అంటున్నారు. భాగస్తులు మర్నాడు కూర్చుని ఆయన్ను కొట్టులోంచి పంపేయబోతున్నారు.

"మతి శుభ్రంగానే ఉందండీ. నా పెళ్లికి ఎవరెవరొచ్చారో కూడా చెబుతాడు. జబ్బా, దొంగబుద్ధా, ఇవాళే తేల్చండి," అన్నాడు. అన్న అక్కడే కూర్చుని వింటున్నారు.

అలవాటు ప్రకారం జ్ఞాపకశక్తి పరీక్ష చేశాను. తేదీ, ఊరు, నేను చెప్పిన వస్తువుల పేర్లు కాసేపాగి తిరిగి చెప్పడం. ఆలస్యంగానైనా అన్నీ సరిగానే చెప్పారు. సుబ్బారావు ముఖం గట్టిపడింది. బీపీ చూస్తే విపరీతంగా ఉంది. మాత్రలు వాడరా అంటే, తల తిరిగిన రోజున వేసుకుంటానన్నారు. మా వైపు అది మామూలే, తల తిరగకపోతే బీపీ లేనట్టే. బయట క్యూ గోల చేస్తోంది. ఆయన్ను దొంగగా వెనక్కి పంపేస్తున్నానేమోనని మనసు పీకుతూనే ఉంది.

మెదడు ముందుభాగం పనితీరు చూడటానికి మాకు ఒక చిన్న పరీక్ష ఉంది. మేము బల్ల మీద ఒకసారి తడితే రోగి రెండుసార్లు తట్టాలి, రెండుసార్లు తడితే ఒకసారి. దాన్ని ఆయన భుజం మీది కండువా కింద చేయించాలని తోచింది. నేను ఒక వేలు నొక్కితే ఆయన రెండు నొక్కాలి, రెండు నొక్కితే ఒకటి. మొదట బాగానే చేశారు. వేగం పెంచేసరికి నేను ఒకటి నొక్కితే ఒకటి, రెండు నొక్కితే రెండు. రూలు ఏమిటని అడిగితే సరిగ్గా అప్పజెప్పారు. వేళ్లు మాత్రం నన్నే అనుసరిస్తున్నాయి. యార్డులో కొనేవాడు నొక్కిన వేళ్లే తిరిగి నొక్కితే ఆ ధరకు ఒప్పుకున్నట్టే.

సుబ్బారావును నా కుర్చీలో కూర్చోబెట్టి అన్నతో అదే చేయించాను. కాసేపటికి అతను కండువా కిందనుంచి చెయ్యి లాక్కుని గోడవైపు తిరిగాడు.

సాయంత్రానికి బయటి సెంటర్ నుంచి ఎంఆర్‌ఐ ఫిల్ములు వచ్చాయి. మెదడు లోతుల్లో తెల్లటి మచ్చలు, అక్కడక్కడ చిన్న గుంటలు. పెద్ద పక్షవాతం ఎన్నడూ రాలేదు. ఏళ్లతరబడి బీపీ దెబ్బకు వెంట్రుకల్లాంటి రక్తనాళాలు మందమెక్కి సన్నబడ్డాయి. మేజరు కాలువలో నీళ్లున్నా చివరి పిల్లకాలువకు అందక చేను ఎండినట్టని వాళ్లకు చెప్పాను. అక్కడ ఎక్కువగా చెడేది మెదడులో ఒక భాగం నుంచి మరో భాగానికి కబురు మోసే తీగలు. అందుకే పాత సంగతులు గుర్తుంటాయి, కానీ ఆలోచన మందగిస్తుంది, చేస్తున్నదాన్ని వదిలి మరోదానికి మళ్లడం కష్టమవుతుంది. అడుగు తడబడేదీ అందుకే.

సుబ్బారావు అన్న చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. భాగస్తులకు తానే చెబుతానన్నాడు. ఆయన పరువు దక్కిందని నాకు చాలా సంతోషం వేసింది. మాత్ర రోజూ వేసుకోవాలని, పాడైనది తిరిగి రాదుగానీ ఇంకా పాడయ్యే వేగాన్ని తగ్గించవచ్చని, ఇక బేరానికి మాత్రం చెయ్యి పెట్టవద్దని చెప్పాను.

రాఘవయ్యగారు కండువా మడతపెట్టారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "దొంగ అంటే కొట్లాడేవాణ్ణండి. ఇప్పుడెవరితో కొట్లాడను?"

వార్డు రౌండుకు వేళైందని లేచాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, మనిషి మందగించాడని తెచ్చిన ప్రతి రోగినీ తేదీ అడిగే ముందు ఏం పని చేస్తారో అడిగాను, ఆ పనిలో ఎక్కడ తప్పుతోందో చూశాను. జబ్బుకు పేరు పెడితే నింద పోతుంది. దాంతోపాటే మనిషి చేతిలో పని కూడా పోతుంది. ఆ రెండోదాని గురించి మాట్లాడటానికి కూడా డాక్టరు టైము ఉంచుకోవాలి.