పాటిమన్ను బాట

ఒంగోలు బస్సు నన్ను మధ్యాహ్నం రెండున్నరకి రోడ్డు మీద దింపింది. అక్కణ్ణించి మూడు మైళ్ల నడక. భుజాన కిట్‌బ్యాగు, చేతిలో పార, నడుముకి నీళ్ల సీసా. రెండు వైపులా నల్లరేగడి, పండిన మిరప. మాఘమాసపు ఎండలో ఆ ఘాటుకి ముక్కు మండింది. యాభైల చివరి మాట ఇది. ఇప్పుడు ప్రకాశం అంటున్నారు గానీ అప్పుడది గుంటూరు జిల్లాయే.

నేను సైన్యంలో ఇంజనీరు దళం నాయక్‌ని. రెండు నెలల సెలవు. ఇంటికి పోకుండా తగలబడిన గూడేనికెందుకు పోయావని ఇప్పటికీ అడుగుతుంటారు. మాది వేటపాలెం దగ్గర అలాంటి గూడెమే. అందుకు పోయాను.

ఆ ఊళ్లో రెండు పార్టీలు ఏడాదిపాటు కత్తులతో కొట్టుకున్నాయి. అన్నదమ్ముల యుద్ధం. చివరికి పెద్దలు రాజీపడి ఒకే బంతిలో కూర్చుని భోంచేశారు. కాలిపోయింది మాత్రం ఏ పార్టీకీ చెందని గూడెం. ఇరవైరెండు ఇళ్లు. ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగినట్టు. ఆ పైన మునసబు కబురు పంపాడు: "కాయ కోత అయ్యేలోగా గోడలు లేవాలి. లేకపోతే ఆ నేల నాగలి కిందికి పోతుంది."

వాలంటీర్లం ముగ్గురం. మమ్మల్ని పోగేసింది చర్చి బడి మేష్టారు. రెండోవాడు గుంటూరు బ్రాడీపేటలో పరుపులు కుట్టే దూదేకుల సాయిబు. పరుపు కుట్టిన చేత్తోనే తాటాకు కుట్టేవాడు. మూడోవాణ్ణి నేను.

మొదటి తప్పు నాదే. పట్టాళంలో నాకు నేర్పింది ఒకటే, పని ఎంత తొందరగా అయితే అంత మంచిది. కాళ్ల కిందున్న రేగడినే తవ్వించి, తొక్కించి, ఒక్కరోజులో మూడు వరసల గోడ లేపాను. గూడెంలో పెద్దావిడ ఏసమ్మ దూరం నుంచి చూసి ఏమీ అనలేదు. నాలుగో రోజుకి గోడ పగుళ్లిచ్చింది. ఆరో రోజు అకాల వాన పడింది. సాయంత్రానికి గోడ చతికిలపడింది.

సాయిబు నవ్వాడు. "ఏరా మిలట్రీ, శత్రువులెవరూ రాకుండానే కోట పడగొట్టావే!"

అప్పుడు ఏసమ్మ నోరు విప్పింది. "ఒరే అబ్బాయ్, రేగడిలో మిరప పెడతారు గానీ గోడ పెట్టరు. గోడకి పాటిమన్ను కావాల. వరసకి మూడు రోజులు ఆరాల."

"ముందే చెప్పొచ్చు కదా అత్తా?"

"నువ్వు అడిగావా?"



పాటిదిబ్బ అంటే ఒకప్పుడు ఊరుండి పాడుబడ్డ చోటు. కూలిన గోడలు కలిసిన బూడిదరంగు మన్ను. ఆ చుట్టుపక్కల ప్రతి ఇంటి గోడా ఆ మన్నే. ఆ దిబ్బ మునసబు మిరపచేనికి అవతల ఉంది. ఒక్క తట్ట కూడా కదలకూడదని ఆయన హుకుం.

నేను యూనిఫాం తొడుక్కుంటానన్నాను. మేష్టారు వద్దన్నారు. "నీ బట్టలు చూసి ఆగితే, నువ్వు పోయిన మర్నాడు మళ్లీ వస్తాడు."

మర్నాడు ఉదయం పది గంటలకి, అందరూ చూస్తుండగా వెళ్లాం. మేం ముగ్గురం తవ్వాం. తట్టలెత్తింది గూడెం ఆడవాళ్లు. గట్టు మీంచి చుట్టూ తిరిగితే అరమైలు. ఏసమ్మ చుట్టూ తిరగలేదు. మిరపసాళ్ల మధ్యనుంచి అడ్డంగా నడిచింది, ఒక్క కొమ్మ విరగకుండా. చేను మధ్యలో మునసబు నిలబడ్డాడు. చేతిలో పొన్నుకర్ర.

"ఏమే ఏసమ్మా, దింపు తట్ట."

"దింపుతానయ్యా. మా గోడ కాడ దింపుతా."

ఆగలేదు. ఆయన కర్ర లేచింది. నా చేతిలో గునపం బిగిసింది. మేష్టారు నా మణికట్టు పట్టుకున్నారు. ఏసమ్మ వెనక ముప్పై తట్టలున్నాయి. చుట్టూ కాయ పండి ఎర్రగా ఉంది. దాన్ని కోయాల్సింది తట్టలు పట్టుకున్న ఆ చేతులే. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కర్ర దిగింది. ఏసమ్మ ఆయన్ని దాటి నడిచింది. నేను దిబ్బ మీద నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆ మాట చెప్పుకోడానికి నాకేం నామోషీ లేదు.

నలభై రోజులు మోశారు. వరసకి మూడు రోజులు ఆరనిచ్చాం. నేను నోరు మూసుకుని చెప్పినట్టు చేశాను. కోత ముగిసే వారానికి ఇరవైరెండు కప్పులూ పడ్డాయి. చివరి తాటాకు కుట్టి సాయిబు కిందికి దిగలేదు. అక్కడే కూర్చుని చుట్ట కాల్చాడు.

నేను తిరిగి బయల్దేరింది ఉదయం ఆరుకి. కిట్‌బ్యాగు అదే, పార మాత్రం ఏసమ్మ ఉంచేసుకుంది. మోడు పీకేసిన మునసబు చేలో దుక్కి మొదలైంది. నల్లటి చేనుకి అడ్డంగా, తట్టల్లోంచి రాలిన మన్నుతో బూడిదరంగు బాట పడి ఉంది, దిబ్బ నుంచి గూడెం దాకా. నాగలి పట్టిన పాలేరు దాని దగ్గరికొచ్చి ఎడ్లని ఆపాడు. గట్టు మీద మునసబు చూస్తున్నాడు. పాలేరు నాగలి ఎత్తాడు, బాట దాటించాడు, అవతల దించాడు.

మునసబు పొన్నుకర్ర చంకన పెట్టుకుని ఊళ్లోకి నడిచాడు.